కథానాయిక పక్కన నిలిచిన సూర్యకాంతం



స్కూల్లో నాటకం వేద్దామనగానే మొదట వచ్చే తగువు ఒకటే: హీరోయిన్ ఎవరు? పోయిన ఏడాది వార్షికోత్సవానికి మేము ఒక చిన్న హాస్య నాటకం వేయాలనుకున్నప్పుడూ అదే జరిగింది. హీరోయిన్ వేషానికి ఏడుగురు చేతులెత్తారు. అత్తగారి వేషానికి ఒక్కరూ ఎత్తలేదు. చివరికి ఆ వేషం, సంవత్సరం మధ్యలో బదిలీ మీద వచ్చి చేరిన ఒక అమ్మాయికి దక్కింది. కొత్తగా వచ్చిన వాళ్ళకి మిగిలినదే కదా ఇస్తారు! ఆ సంగతి మనలో చాలామందికి తెలుసు. ఆ రోజు ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మేము పెద్దగా పట్టించుకోలేదు.

మూడు వారాలు రిహార్సల్స్ బాగా జరిగాయి. అత్తగారు గట్టిగా అరుస్తుంటే మేమంతా పడీ పడీ నవ్వాం. తరువాత ఆ అమ్మాయి వాళ్ళ నాన్నగారికి మళ్ళీ బదిలీ అయింది. ఆ వేషం ఇంకొకరికి ఇచ్చాం. ఆమె తనను అందరూ చెడ్డదనుకుంటారేమోనని భయపడి మెల్లగా, మర్యాదగా మాట్లాడింది. విచిత్రమేమిటంటే, అప్పటినుంచి మా హీరోయిన్‌ని చూస్తే ఎవరికీ జాలి కలగలేదు, నవ్వూ రాలేదు. హీరోయిన్ అవే మాటలు, అంతే బాగా చెబుతోంది. అయినా నాటకం చప్పబడిపోయింది.

ఆ సంగతి మథురకాఠీలో ఉండే ఒక మామ్మగారికి చెప్పాం. ఆవిడ మామగారు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లోనే ఈ ఊరి వర్క్‌షాపులో పనికి వచ్చారట. ఆవిడ నవ్వి, మీకు సూర్యకాంతం లేకుండా పోయిందర్రా అన్నారు. మాకు అర్థం కాలేదు. ఆదివారం రమ్మని పిలిచి, జంతికలు పెట్టి, ‘గుండమ్మ కథ’ సినిమా చూపించారు. అప్పుడు అర్థమైంది. ఆ సూర్యకాంతమ్మగారి గురించి మేము తెలుసుకున్నవి మీతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

కాకినాడ నుంచి మద్రాసుకు

సూర్యకాంతం 1924 అక్టోబరు 28న కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురం అనే ఊళ్ళో పుట్టారు. తండ్రి పేరు పొన్నాడ అనంతరామయ్య, తల్లి వెంకటరత్నమ్మ. ఆ తల్లిదండ్రులకు ఆమె పద్నాలుగో సంతానం. చిన్నప్పుడే పాటా, ఆటా నేర్చుకున్నారు. ఊళ్ళో అంటించిన హిందీ సినిమా పోస్టర్లు చూసి, తానూ సినిమాల్లో నటించాలని కలగన్నారు.

మన ఖరగ్‌పూర్ మీదుగా పోయే హౌరా-చెన్నై లైను మీదే సామర్లకోట జంక్షను ఉంది. అక్కడ దిగితే కాకినాడ దగ్గరే. అదే లైను మీద ఇంకా దక్షిణానికి వెళితే చెన్నై. అప్పట్లో దానిని మద్రాసు అనేవారు. తెలుగు సినిమాలు ఎక్కువగా అక్కడే తయారయ్యేవి. అందుకే నటన మీద ఆశ ఉన్న వాళ్ళు మద్రాసు చేరేవారు. సూర్యకాంతం కూడా అలాగే చేరారు.

అక్కడ ఆమెకు మొదట దొరికింది జెమినీ స్టూడియోలో నాట్యకత్తె ఉద్యోగం. ‘చంద్రలేఖ’ అనే పెద్ద సినిమా తీస్తున్న రోజులవి. ఆ సినిమా 1948లో విడుదలైంది. నెలకు 65 రూపాయలు జీతం. అది చాలదని ఆమె నేరుగా నిర్మాతనే అడిగితే 75 చేశారు. గుంపులో ఒకరిగా నాట్యం చేసే అమ్మాయి అంత పెద్ద స్టూడియో యజమాని దగ్గర జీతం గురించి అడగడమంటే మాటలు కాదు. అయినా గుంపులో ఉండిపోవడం ఆమెకు ఇష్టం లేకపోయింది. జెమినీ వదిలి, చిన్న చిన్న వేషాలు వేస్తూ మంచి అవకాశం కోసం ఎదురుచూశారు.

చేజారిన హీరోయిన్ వేషం

ఆమెకు కావలసింది హీరోయిన్ వేషమే. అది నిజంగానే ఒకసారి చేతిదాకా వచ్చింది. ‘సౌదామిని’ అనే సినిమాలో కథానాయికగా అవకాశం వచ్చింది. సరిగ్గా ఆ సమయంలోనే కారు ప్రమాదం జరిగి ముఖానికి దెబ్బ తగిలింది. వేషం పోయింది.

ఇంకోసారి హిందీ చిత్రంలో కథానాయికగా అడిగారని చెబుతారు. అయితే ఆ వేషానికి అప్పటికే తీసుకున్న మరొక నటిని తప్పించి తనకు ఇస్తున్నారని ఆమెకు తెలిసింది. ఒకరిని ఏడిపించి తాను సంతోషపడడం ఆమెకు నచ్చలేదు. వద్దనేశారు. అంతకు ముందే తన చేతిలోంచి ఒక వేషం పోయిన మనిషి కదా, ఆ బాధ ఆమెకు తెలుసు. తరువాత తెర మీద అంతమంది కోడళ్ళను ఏడిపించిన సూర్యకాంతం అసలు స్వభావం ఇది.

1950లో ‘సంసారం’ సినిమా వచ్చింది. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్. అందులో ఆమెకు గయ్యాళి అత్త వేషం ఇచ్చారు. అప్పటికి ఆమె వయసు పాతికేళ్ళు దాటి ఎంతో కాలం కాలేదు. ఆ వయసులో ఏ నటి అయినా అత్త వేషం అంటే జంకుతుంది. ఆమె జంకలేదు. ఆ సినిమా బాగా ఆడింది. జనం ఆమెను తిట్టుకున్నారు. గయ్యాళి పాత్రకు అంతకంటే మెప్పు ఏముంటుంది? అదే సంవత్సరం ఆమెకు పెద్దిభొట్ల వెంకటచలపతిరావు గారితో పెళ్ళయింది. ఆయన న్యాయశాస్త్రం చదివి, తరువాత హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు.

ఆ తరువాత నాలుగు దశాబ్దాలకు పైగా తెలుగు సినిమాలో గయ్యాళి అత్త, సవతి తల్లి, తగువులాడే తోడికోడలు అంటే సూర్యకాంతమే. ఒక పోలిక చెబుతాం. ‘గుండమ్మ కథ’లో ఆమెకు అల్లుడుగా నటించిన అక్కినేని నాగేశ్వరరావు 1924 సెప్టెంబరులో పుట్టారు. అంటే అల్లుడికంటే అత్తగారు నెల రోజులు చిన్న! ఎన్.టి. రామారావు ఆమెకంటే ఏడాదిన్నర దాకా పెద్ద. ఇద్దరూ తెర మీద కుర్ర హీరోలుగా ఉన్నప్పుడు ఆమె వాళ్ళకు పెద్ద దిక్కుగా కనిపించారు. చూసేవాళ్ళు నమ్మారు.

బెంగాల్ కథ, తెలుగు వంట

మనం బెంగాల్లో ఉంటున్నాం కాబట్టి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆనాటి మంచి తెలుగు సినిమాల్లో కొన్నింటికి మూలం బెంగాలీ కథలే. 1957లో వచ్చిన ‘తోడికోడళ్ళు’ శరత్‌చంద్ర ఛటర్జీ రాసిన ‘నిష్కృతి’ ఆధారంగా తీసినది. ఉమ్మడి కుటుంబంలో పెద్ద కోడలు కన్నాంబ, చిన్న కోడలు సావిత్రి. మధ్యలో తగువులు పెట్టే కోడలు సూర్యకాంతం, ఆమెకు జడిసే భర్త రేలంగి. సావిత్రి పాత్ర ముక్కుసూటి మనిషి. సూర్యకాంతం వేసే కొక్కెం వల్లే ఆ ముక్కుసూటితనాన్ని ఇంట్లో వాళ్ళు అపార్థం చేసుకుంటారు. అందరూ అపార్థం చేసుకుంటుంటే అసలు నిజం తెలిసిన మనం ఆమె వైపు నిలబడతాం.

1955లో వచ్చిన ‘మిస్సమ్మ’కు కూడా మూలం బెంగాలీ హాస్య నాటకం, ‘మన్మయీ గర్ల్స్ స్కూల్’. ఇందులో సూర్యకాంతం లేరు. అయినా పక్క పాత్రలు ఏం చేస్తాయో తెలుసుకోవడానికి ఇది మంచి ఉదాహరణ. ఉద్యోగం కోసం పెళ్ళి కాని ఇద్దరు భార్యాభర్తలమని అబద్ధం చెబుతారు. సావిత్రి వేసిన మేరీ పాత్రకు ముక్కు మీద కోపం. అలాంటి అమ్మాయి మనకు ఎందుకు నచ్చాలి? చుట్టూ చూడండి. అప్పు తీర్చలేకపోతే పెళ్ళి చేసుకోమని వెంటపడే డేవిడ్‌గా రమణారెడ్డి. కూతురిలా చూసుకుంటూ, తెలియకుండానే ఆమెను ఇరుకున పెట్టే జమీందారుగా ఎస్.వి. రంగారావు. అన్నింటిలోనూ తల దూర్చే దేవయ్యగా రేలంగి. వీళ్ళ మధ్య ఊపిరాడక ఆమె కసురుకుంటుంటే మనకు కోపం రాదు, నవ్వూ జాలీ వస్తాయి. ఆ సినిమాలో మొదట కథానాయికగా అనుకున్నది భానుమతిని. సావిత్రికి ముందు ఇచ్చింది రెండో నాయిక వేషమే. భానుమతి తప్పుకోవడంతో సావిత్రి మేరీ అయింది, రెండో వేషం జమునకు వచ్చింది. ఎవరి వేషం ఎప్పుడు ఎవరికి వస్తుందో ఎవరు చెప్పగలరు!

గుండమ్మ లేకపోతే లక్ష్మి లేదు

ఇక మామ్మగారు చూపించిన ‘గుండమ్మ కథ’. 1962లో విజయా సంస్థ తీసిన సినిమా. దర్శకుడు కమలాకర కామేశ్వరరావు, మాటలు డి.వి. నరసరాజు. రామారావుకు అది నూరో సినిమా. ఆయన, నాగేశ్వరరావు, సావిత్రి, జమున, ఎస్.వి. రంగారావు అందరూ ఉన్నారు. అయినా సినిమాకు పెట్టిన పేరు మాత్రం గుండమ్మది. అంత పెద్ద హీరోలు ఉండగా గయ్యాళి పాత్ర పేరు పెట్టడానికి నిర్మాతలకు ఎంత నమ్మకం ఉండాలి!

గుండమ్మ డబ్బున్న విధవరాలు. సొంత కూతురు సరోజ, అంటే జమున, గారాలపట్టి. సవతి కూతురు లక్ష్మి, అంటే సావిత్రి, ఆ ఇంట్లో పనిమనిషి. రంగారావు వేసిన రామభద్రయ్య తన ఇద్దరు కొడుకులకు ఈ ఇద్దరు అమ్మాయిలను చేసుకోవాలని ఎత్తు వేస్తాడు. పెద్ద కొడుకు అంజిగాడనే పేరుతో ఆ ఇంటికి పనివాడుగా వస్తాడు.

సినిమా చూస్తూ మేము ఒక పని చేశాం. లక్ష్మి తాను మంచిదాన్నని ఎన్నిసార్లు చెప్పుకుంటుందో లెక్కపెడదామనుకున్నాం. చెప్పుకోనే చెప్పుకోదు. ఆ అవసరం లేదు. గుండమ్మ ఒక పని చెప్పి అది పూర్తికాకముందే ఇంకో పని చెబుతుంది. చెయ్యి తిప్పుతూ, గొంతు పెంచుతూ, ఇల్లంతా దద్దరిల్లేలా మాట్లాడుతుంది. లక్ష్మి తల వంచుకుని చేసుకుపోతుంది. ఆ అరుపు ఉంది కాబట్టే ఈ మౌనం మనకు వినబడుతుంది. అంజి వచ్చి రుబ్బురోలు దగ్గర లక్ష్మికి సాయం చేసినప్పుడు ఆమె ముఖంలో ఒక చిన్న నవ్వు కనిపిస్తుంది. అంతకుముందు అరగంట గుండమ్మ ఆమెను నవ్వనివ్వలేదు కాబట్టే ఆ చిన్న నవ్వు అంత పెద్దదిగా అనిపిస్తుంది.

ఇంకో సంగతి. గుండమ్మ ఉత్త దుర్మార్గురాలైతే ఇది ఏడుపు సినిమా అయ్యేది. సూర్యకాంతం ఆ పాత్రలో తెలివితక్కువతనం, అమాయకత్వం కూడా కలిపారు. రమణారెడ్డి వేసిన గంటయ్య మాటలు ఇట్టే నమ్ముతుంది. పొగిడితే పొంగిపోతుంది. అంజి పని చూసి మురిసిపోతుంది, అతను తననే ఆడిస్తున్నాడని గ్రహించదు. నిజానికి మొగుడు పోయాక ఇల్లూ, ఆస్తీ, పిల్లలనూ ఒంటి చేత్తో నెట్టుకొస్తున్న ఆడది ఆమె. ఎక్కడ మోసపోతానోనన్న భయం ఆ అరుపుల వెనక ఉంది. మేము అదంతా ఆలోచించింది సినిమా అయిపోయాకే. చూస్తున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాం.

అందుకే ముగింపు నమ్మబుద్ధి అవుతుంది. ఛాయాదేవి వేసిన దుర్గమ్మ ఆ ఇంట్లో చేరి, గుండమ్మనే నానా బాధలూ పెడుతుంది. అరిచే మనిషి నోరు మూతపడుతుంది. అప్పుడు తిరిగివచ్చి దుర్గమ్మను ఎదిరించి గుండమ్మను కాపాడేది, ఎవరిని ఇన్నాళ్ళూ ఏడిపించిందో ఆ లక్ష్మే. అంతదాకా తల వంచుకున్న పిల్ల మొదటిసారి గొంతెత్తుతుంది, అదీ తన కోసం కాదు. గుండమ్మ మీద మనకు ఏ మూలో ఇష్టం లేకపోతే లక్ష్మి చేసిన పని పిచ్చితనంగా కనిపించేది. ఇష్టం ఉంది కాబట్టే లక్ష్మి గొప్పదనిపిస్తుంది. ఆ ఇష్టాన్ని సంపాదించి పెట్టింది సూర్యకాంతం.

సరోజ సంగతీ అంతే. ఆమెది పొగరు. కాని గుండమ్మ పెంపకం చూశాక తప్పంతా ఆ పిల్లదేనని అనలేం. నాగేశ్వరరావు వేసిన రాజా ఆమెను పెళ్ళాడి, పేదవాడినని చెప్పి తీసుకుపోయి కష్టం అంటే ఏమిటో తెలిసేలా చేసినప్పుడు ఆమె మారుతుందన్న ఆశ మనకు ఉంటుంది. ఇద్దరు నాయికలు, రెండు తీర్లు. ఇద్దరినీ అలా తయారుచేసింది ఒకే అమ్మ.

తెర వెనక మనిషి

సూర్యకాంతానికి ఎడమచేతి వాటం. ఆ ఎడమ చెయ్యి తిప్పుతూ మాట్లాడడమే ఆమె గుర్తు అయిపోయింది. చిన్నప్పుడు మనలో ఎడమచేత్తో రాసేవాళ్ళను పెద్దవాళ్ళు మందలిస్తుంటారు. ఆమె మాత్రం దానితోనే తెలుగు దేశాన్నంతా నవ్వించారు.

1957లో వచ్చిన ‘మాయాబజార్’లో ఆమె హిడింబి. రాక్షసే అయినా, కొడుకు ఘటోత్కచుణ్ణి ప్రేమగా చూసుకునే తల్లి. ఆమెకు మంచి పాత్రలూ వచ్చాయి. కాని జనం గుర్తుపెట్టుకున్నది గయ్యాళినే.

దానికి ఆమె చెల్లించిన మూల్యం చిన్నది కాదు. సూర్యకాంతం అనేది అందమైన పేరు. ఆమె సినిమాలు వచ్చాక తెలుగువాళ్ళు తమ ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడం మానేశారని అందరూ అంటారు. మామ్మగారు కూడా అదే చెప్పారు. ఆవిడ పుట్టినప్పుడు ఆ పేరే పెట్టాలనుకున్నారట. ఎవరో వద్దన్నారట. ఇళ్ళల్లో నోరున్న కోడలిని, అత్తని వెక్కిరించడానికి ఇప్పటికీ ఆ పేరే వాడతారు. నటన అంత బాగా ఉండడం వల్ల మనిషి పేరే తిట్టయిపోయింది!

కాని ఆమెతో పనిచేసినవాళ్ళు చెప్పుకునే మాటలు వేరు. ఇంట్లో వండించి, షూటింగుకు క్యారియర్లు తెచ్చి, అందరికీ వడ్డించి తినిపించేవారట. చిత్తూరు నాగయ్యగారంటే అందరికీ గౌరవం. ఒక సినిమాలో ఆయనను నోటికొచ్చినట్టు తిట్టే సన్నివేశం చేయాల్సి వచ్చింది. అది అవగానే ఆమె ఆయన కాళ్ళ మీద పడి క్షమించమని ఏడ్చారని చెబుతారు. తెర మీద చూసి ఆమెను అసహ్యించుకున్నవాళ్ళకు ఈ సంగతి తెలిసే వీలు లేదు.

తరువాతి రోజుల్లో తిరుపతిలోని పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1994 డిసెంబరు 18న ఆమె కన్నుమూశారు. మేము అప్పటికి పుట్టనే లేదు. మా అమ్మానాన్నలే అప్పటికి చిన్నపిల్లలు. అయినా ఆ ఆదివారం మామ్మగారి ఇంట్లో, తెలుగు సరిగ్గా రాని మా బెంగాలీ, ఒడియా స్నేహితులు కూడా గుండమ్మ నోరు తెరిచినప్పుడల్లా నవ్వారు.

మా నాటకం

మరునాడు రిహార్సల్లో అత్త వేషం వేసే అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. తాను గట్టిగా అరిస్తే హీరోయిన్‌కు మంచి పేరు వస్తుంది, మరి తనకేం వస్తుంది అని. మాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ ప్రశ్న న్యాయమైనదే. సూర్యకాంతానికి కూడా హీరోయిన్లకు వచ్చినంత పేరు రాలేదు, వచ్చిన పేరు కూడా తిట్టుగా మారింది. కాని ఆమె లేకుండా వాళ్ళ సినిమాలు నిలబడవని తెలిసినవాళ్ళకు తెలుసు. మేము ఆ అమ్మాయికి అదే చెప్పాం. అంతకంటే ఎక్కువ మా దగ్గర లేదు.

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, నడుము మీద చెయ్యి పెట్టి మొదటి మాట గట్టిగా అంది. హీరోయిన్ ఉలిక్కిపడింది, నిజంగానే. మేము నవ్వాం. నాటకం మళ్ళీ బతికింది.

వార్షికోత్సవం రోజున నాటకం అయ్యాక మేము ఒక పని చేశాం. అందరం కలిసి తీయించుకున్న ఫొటోను, బదిలీ మీద వెళ్ళిపోయిన మా మొదటి అత్తగారికి పంపించాం. ఆ వేషం ఎలా వేయాలో మాకు ముందు చూపించింది ఆమే. ఆ రోజు ఏడుస్తుంటే మేము పట్టించుకోనందుకు క్షమించమని కూడా రాశాం.

మిత్రులారా, మనం రెండు మూడేళ్ళకోసారి ఊరు మారుతుంటాం. కొత్త స్కూల్లో మనకు ముందుగా దొరికేది చివరి బెంచీ, మిగిలిపోయిన వేషం. దొరికినప్పుడు సూర్యకాంతమ్మగారిని ఒకసారి తలచుకోండి. రేపు మన క్లాసుకు ఎవరైనా కొత్తగా వస్తే, వాళ్ళకు ఏ వేషం కావాలో ముందు అడుగుదాం.